దుఃఖము దేవుని పిలుపా?

ధ్యాన భాగములు: యోహాను 9:1–7, యోహాను 11:17–37, 2 కొరింథీయులకు 1:3–11



బిడ్డను పోగొట్టుకొనిన దంపతులు కొంతకాలమునకు లేచి, తమ్మును తాము దేవుని సేవకు సమర్పించుకొందుమని చెప్పినప్పుడు, మన పల్లె సంఘములలో ఒక మాట వినబడును. “ఆ పిల్లోన్ని దేవుడు తీసుకపోయింది వీళ్లను సేవలోకి పిలిచేకే” అని పెద్దలు అందురు. విన్నవారు తల ఊపుదురు. ఆ మాటలో భక్తి ఉన్నట్లు కనబడును. చచ్చిన బిడ్డ ఊరకే చావలేదని, ఆ చావుకు ఒక ఫలము ఉన్నదని చెప్పి తలిదండ్రులను ఓదార్చుటకే వారు అట్లు పలుకుదురు. ఎవరి మనస్సులోను చెడుతలంపు లేదు.

అయినను ఆ మాట నిజమా? దేవుడు ఒక ఇంటికి సేవకుని కావలెనని తలంచి, ఆ ఇంటి ఉయ్యాలను ఖాళీచేయునా? సేవకు పిలుపు ఒకటి, దుఃఖము ఒకటి. ఈ రెండింటికిని సంబంధమేమి? ఈ నెల మనము దీనినే ఆలోచింతము. ఇది పండితులకు మాత్రమే తగిన ప్రశ్న కాదు. సమాధి యొద్దనుండి తిరిగివచ్చిన ప్రతి తల్లియు రాత్రివేళ గోడవైపు తిరిగి పండుకొని అడిగెడి ప్రశ్న ఇది.

మన సీమలో ఈ ప్రశ్న మరింత బరువైనది. అనంతపురము మెట్టమీద ఏడాదికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను వేళకు రాదు. ముంగారు వాన కొరకు ఆకాశము చూచి, వేరుశనగ విత్తి, మొలక ఎండిపోవుట చూచి, మరల అప్పు తెచ్చి విత్తిన చేతులు మన సంఘములో ఎన్నియో ఉన్నవి. బోరు వేసి నీరు పడక, రెండవ బోరు వేసి అదియు ఎండి, బెంగుళూరుకు కూలికి పోయిన కుటుంబములు ప్రతి పల్లెలోను ఉన్నవి. వాన రానప్పుడు “ఎవరి పాపమో” అని అందురు. బిడ్డ పోయినప్పుడును “ఏదో కారణముండును” అని అందురు. కష్టము వచ్చినప్పుడు దాని వెనుక ఒక లెక్క వెదకుట మన అలవాటు. లెక్క దొరికినచో గుండె కొంత నిమ్మళించునని మన ఆశ.

ప్రభువైన యేసు ఈ లెక్కను ఒప్పుకొనలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూపి శిష్యులు ఆయనను అడిగిరి: పాపము ఎవరిది, వీనిదా, వీని తలిదండ్రులదా? ఇద్దరిదియు కాదని ఆయన సెలవిచ్చెను. సిలోయము గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, ఆ చచ్చినవారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని చెప్పెను (లూకా 13:4). యోహాను 9వ అధ్యాయములో దేవుని క్రియలు ఆ గ్రుడ్డివానియందు ప్రత్యక్షమగునని ప్రభువు చెప్పిన మాటను పట్టుకొని, “చూచితిరా, దేవుడే వానిని గ్రుడ్డివానిగా పుట్టించి తన మహిమకు వాడుకొనెను” అని కొందరు వాదింతురు. ఆ మాట చెప్పిన వెంటనే ప్రభువు ఏమి చేసెనో చూడుడి. ఉమ్మితో బురదచేసి వాని కన్నులమీద పూసి, పోయి కడుగుకొమ్మనెను. వాడు చూపు గలవాడై వచ్చెను. దేవుని క్రియ అనగా చూపు తీసివేయుట కాదు, చూపు ఇచ్చుట. మేము ఆ అధ్యాయమును ఎన్నిమారులు చదివినను ప్రభువు చేతిలో బురదయే కనబడినది గాని సూది కనబడలేదు.

రోమా పత్రిక 8వ అధ్యాయము 28వ వచనమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. దేవుని ప్రేమించువారికి మేలు కలుగుటకై సమస్తమును కలిసి పనిచేయునని పౌలు నేర్పుచున్నాడు. సమస్తమును మంచిదని ఆయన చెప్పలేదు. ఇది మన రైతునకు బాగుగా తెలిసిన సంగతి. కరువులో మనుష్యుడు కొఱ్ఱలు తినుట నేర్చుకొనును, గింజ దాచుట నేర్చుకొనును, పొరుగువానితో గంజి పంచుకొనుట నేర్చుకొనును. అంతమాత్రమున కరువు మంచిదని ఎవడైనను చెప్పునా? మాకు బుద్ధి చెప్పుటకే వాన ఆగెనని చెప్పి పండుగ చేయునా? చేయడు. కరువు కరువే. దానిలోనుండి మనుష్యుడు తెచ్చుకొనినది వేరు, దానిలోనికి దేవుడు పంపిన సహాయము వేరు.

ఇప్పుడు మన తెలుగు దేశపు సంఘచరిత్రలోనికి పోయి, సేవలోనికి వచ్చిన దంపతుల త్రోవలు రెండు మూడు చూతము.

గుంటూరు లూథరను సంఘమునకు పునాది వేసిన సి. ఎఫ్. హయ్యరు దొరగారి పేరు మీరు వినియుందురు. ఆయన 1793లో జర్మనీలో పుట్టి, అమెరికాకు పోయి, అక్కడ అనేక సంవత్సరములు కొత్త ఊళ్లలో చెదిరియున్న విశ్వాసులను వెదకుచు తిరిగిన బోధకుడు. ఆయన భార్య మేరీ 1839లో మరణించెను. ఆయన గుంటూరులో అడుగుపెట్టినది 1842 జూలై 31న. అప్పటికి ఆయనకు 49 ఏండ్లు. భార్య చనిపోయినందున ఆయన సేవకుడాయెనని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆమె బ్రదికియున్న దినములన్నిటను ఆయన సేవకుడే. ఆమె సమాధికిని గుంటూరు త్రోవకును మధ్య సుమారు మూడు సంవత్సరములున్నవి. దుఃఖము ఆయనకు పిలుపు కాలేదు. అంతకుముందే పిలువబడినవాడు దుఃఖమును మోసికొని నడిచెను. 1869లో, 76 ఏండ్ల ముసలితనములో, రాజమండ్రి పని నిలిచిపోవునేమో అని తెలిసి ఆయన మరల ఓడ ఎక్కెను. దుఃఖము ఒక్కటే ఆయనను నడిపించియుండినయెడల అన్ని ఏండ్లు నడిపించియుండునా? దుఃఖపు వేడి అన్ని ఏండ్లు నిలువదు. నిలిచినది మరియొకటి.

మచిలీపట్నములోని హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారి సంగతి దీనికంటె కష్టమైనది. ఆయనయు రాబర్ట్ నోబులు దొరగారును చర్చి మిషనరీ సొసైటీవారి పక్షముగా తెలుగువారికి సువార్త చెప్పుటకు 1841లో ఈ దేశమునకు వచ్చిరి. నోబులు దొరగారు పెండ్లి లేనివారు. 1843లో పాఠశాల పెట్టి, 1865లో చనిపోవువరకు ఈ నేలను విడువలేదు. ఫాక్సు దొరగారు తన భార్య ఎలిజబెత్తుతో వచ్చెను. తీరపు ఎండ ఆయన ఆరోగ్యమునకు పడలేదు. కొంతకాలము నీలగిరి కొండలలో ఉండవలసి వచ్చెను. 1845లో భార్యకు జబ్బు చేసినందున స్వదేశమునకు పోవుదమని ఓడ ఎక్కిరి. ఓడ మద్రాసు రేవును విడువకమునుపే ఆమె ప్రాణము విడిచెను. ఆమెను తీరమునకు తెచ్చి పాతిపెట్టిరి. ఆయన పిల్లలతో ఇంగ్లాండుకు పోయి, కొలదికాలము అక్కడ ఉండి, 1846లోనే మచిలీపట్నమునకు తిరిగివచ్చెను. శరీరము నిలువలేదు. 1848లో మరల ఇంగ్లాండుకు చేరి, అదే సంవత్సరము అక్టోబరులో కన్నుమూసెను. అప్పటికి ఆయనకు సుమారు 31 ఏండ్లు.

ఈ చరిత్రను చదివినప్పుడు మాకు రెండు తలంపులు కలిగినవి. మొదటిది: ఎలిజబెత్తు మరణము ఆ సేవకు కారణము కాదు. ఇద్దరును కలిసి పిలువబడి, కలిసి వచ్చిరి. ఆమె చావు ఆ పిలుపునకు గాయమే గాని వేరు కాదు. రెండవది: ఆయన తిరిగివచ్చుట గొప్ప త్యాగము. అయినను తిరిగివచ్చుట చేత ఆమె చావు లాభమాయెనని ఎవడును లెక్క వ్రాయలేడు. రెండేండ్లలో ఆయనయు పోయెను. పిల్లలు తల్లిని, తండ్రిని కూడ పోగొట్టుకొనిరి. దేవుడు ఆ ఇంటిని విడువలేదని మేము నమ్ముచున్నాము. అది మా విశ్వాసము. కాని ఆ విశ్వాసమును లెక్కగా మార్చి, ఇంత చావునకు ఇంత ఫలమని కూడిక వేయుటకు మనకు అధికారము లేదు.

ఇట్టి ఓడ ప్రయాణములు మనకు దూరముగా తోచవచ్చును. కాబట్టి మన ఎర్రనేలను ఏడ్పించిన కరువునే చూతము. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువును గూర్చి మన తాతల తాతలు చెప్పిన మాటలు ఇంకను కొన్ని ఇండ్లలో మిగిలియున్నవి. మన అనంతపురము అప్పటికి బళ్లారి జిల్లాలోని భాగము; వేరు జిల్లా అయినది 1882లో. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో మిక్కిలి నలిగినవి. నెల్లూరు సీమలో అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొరగారు ఒంగోలునుండి పనిచేయుచుండెను. ఆకలిగొన్నవారికి కూలి దొరకవలెనని ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. వేలమంది వచ్చి త్రవ్విరి. సాయంకాలములందు బోధకులు వారి మధ్య కూర్చుండి వాక్యము చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఏమి చేసెను? సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. గంజి కొరకు వచ్చినవాడెవడో, క్రీస్తు కొరకు వచ్చినవాడెవడో కరువు వేళలో తెలియదని ఆపెను. ఆ తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మములు జరిగినవి.

ఆ 2,222 అను లెక్కను మనము ప్రసంగములలో తరచుగా విందుము. ఆ 15 నెలలను గూర్చి తక్కువగా విందుము. మాకు ఆ 15 నెలలే గొప్పవిగా తోచుచున్నవి. మనుష్యుని ఆకలిని వలగా వేయకూడదని, వాని కష్టము వానిని మన గుమ్మమునకు తెచ్చినను వాని మనస్సు తెల్లవారువరకు వేచియుండవలెనని ఆ దినములు మనకు నేర్పుచున్నవి. ఆకలివేళ బాప్తిస్మమునకు ఏది ధర్మమో, దుఃఖవేళ సేవ సమర్పణకును అదియే ధర్మము. కడుపు మంటను త్వరపడి వాడుకొనరాదు. గర్భశోకమును అసలే వాడుకొనరాదు.

ఇది పాత సంగతి మాత్రమే కాదు. మాకు తెలిసిన ఒక కుటుంబమును గూర్చి, ఊరును పేరును చెప్పక, వారి సెలవుతో వ్రాయుచున్నాము. నాలుగు ఎకరముల మెట్టచేను గలవారు. నాలుగేండ్ల ఆడబిడ్డ జ్వరముతో మూడు దినములలో పోయెను. ఏడాది తిరుగకమునుపే భర్త మా యొద్దకు వచ్చి, వేదపాఠశాలకు పంపుమని అడిగెను. సంఘపెద్దలు సంతోషించిరి. పంటపండుగ నాడు ఆ దంపతులను పీఠము ముందర నిలువబెట్టి సాక్ష్యము చెప్పించినచో కానుక బాగుగా వచ్చునని, పలువురు మారుమనస్సు పొందుదురని ఒక పెద్ద చెప్పెను. మేము ముందుగా ఆ యమ్మను అడుగుదమని చెప్పి, మా ఇంటి అమ్మగారిని వెంటబెట్టుకొని వారి ఇంటికి పోతిమి.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప ఇట్లనెను: “అయ్యగారూ, ఆయనకి ఇంట్ల ఉండేకి అయితలేదు. పాప ఆడుకున్న వాకిలి చూస్తే గుండె పగుల్తాది. అందుకే పోదామంటాడు. నాకైతే యాడికీ పోవాలని లేదు. పాపను పూడ్చిన మన్ను ఈడే ఉంది గదా.”

ఆ మాట వినిన పిమ్మట పంటపండుగ సాక్ష్యము మాట ఎవరును ఎత్తలేదు. భర్త అబద్ధము చెప్పలేదు. అతడు దేవుని వెదకుచున్న మాట నిజమే. అయితే దేవుని వైపు పరుగెత్తుటయు, ఇంటినుండి పరుగెత్తుటయు దూరమునుండి చూచినచో ఒక్కటిగానే కనబడును. దగ్గరకు పోయి అడిగినప్పుడే భేదము తెలియును. రెండు ముంగార్లు వేచియుండుమని చెప్పితిమి. ఈలోగా అతడు చుట్టుపట్ల పల్లెలలో రోగులను చూచి ప్రార్థించుచు వచ్చెను. ఆమె ఇంటిలోనే ఉండెను.

రెండవ ఏట ఆ వీధిలోనే, మన సంఘమునకు చెందని ఒక ఇంటిలో, పసిబిడ్డ పోయెను. ఈమె ఎవరును పిలువకయే పోయి, మూడు దినములు ఆ తల్లి ప్రక్కన కూర్చుండెను. నీళ్లు తోడి ఇచ్చెను, సంగటి కలిపి పెట్టెను, రాత్రి ఆమెతో పండుకొనెను. నాలుగవ దినమున మా ఇంటికి వచ్చి అమ్మగారితో చెప్పెను: “నేనేమీ చెప్పలేదమ్మా. ఊరికే కూచున్నా. ఇట్ల కూచునే పనైతే నాకు చేతనవుతాది. ఇప్పుడు ఆయనతో నేను గూడా పోతా.”

ప్రియులారా, మా యెరుకలో పిలుపు అనగా ఇది. ఆమెకు దర్శనము కలుగలేదు, స్వరము వినబడలేదు. తనకు వచ్చిన కష్టము వంటిదే వేరొకరికి వచ్చినప్పుడు ఆమె కాళ్లు ఆ ఇంటివైపు నడిచినవి. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో చెప్పినది ఇదియే గదా: దేవుడు మనలను మన శ్రమలో ఆదరించును, ఆ ఆదరణతోనే మనము శ్రమలోనున్న ఇతరులను ఆదరింపగలము. ఆ వాక్యమును మెల్లగా చదువుడి. దేవుడు ఇచ్చినది శ్రమ అని అక్కడ లేదు. దేవుడు ఇచ్చినది ఆదరణ అని ఉన్నది. సేవకుడు పంచవలసినది తన దుఃఖమును కాదు, దుఃఖములో తాను పొందిన ఆదరణను. ఆదరణ ఇంకను పొందనివానిని పీఠము ముందర నిలువబెట్టినచో వాడు పంచునదేమి? వాని చేతిలో ఉన్నది పచ్చిపుండు మాత్రమే. పుండును చూచి జనులు ఏడ్చుదురు, కానుకయు వేయుదురు. కాని వానికి గాని వారికి గాని స్వస్థత రాదు.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరము చెప్పవచ్చును. “అయ్యా, ప్రభువు పిలిచినప్పుడు ఆలస్యము చేయవచ్చునా? తండ్రిని పాతిపెట్టి వచ్చెదనని అడిగినవానికి కూడ ఆయన సెలవు ఇయ్యలేదు గదా (లూకా 9:60). యెహెజ్కేలు భార్య సాయంకాలమున చనిపోగా, మరునాటి ఉదయముననే అతడు దేవుడు ఆజ్ఞాపించినట్లు చేసెను గదా (యెహెజ్కేలు 24:18)” అని అడుగవచ్చును. ఇది తేలికైన ప్రశ్న కాదు, దానిని త్రోసివేయము. కాని ఆ రెండు చోట్లను ఆజ్ఞ ఇచ్చినది ఎవరో చూడుడి. ఆజ్ఞ ఇచ్చినవాడు ప్రభువు. కమిటీ కాదు, సంఘపెద్ద కాదు, పాస్టరు కాదు. ప్రభువు ఒకని హృదయముతో నేరుగా చెప్పగల మాటను మనము ఆయన పేరుతో మరియొకనికి చెప్పరాదు. పైగా ఆ ప్రభువే లాజరు సమాధి యొద్దకు వచ్చినప్పుడు, కొంచెము సేపటిలో అతనిని లేపనున్నవాడైయుండియు, మరియ ఏడ్చుట చూచి తానును కన్నీరు విడిచెను. మార్తకు ఒక రీతిగాను, మరియకు ఒక రీతిగాను మాటలాడెను. లేపగల శక్తి గలవాడే ఏడ్వక మానలేదు. లేపలేని మనము ఏడ్వక మునుపే ప్రసంగించుట ఎట్లు?

మరియొకరు ఇంకొక విధముగా అడుగవచ్చును: “బిడ్డ పోయిన తలిదండ్రులే స్వయముగా, మా దుఃఖములో దేవుడు మమ్మును పిలిచెనని చెప్పుచున్నారు. వారి మాట అబద్ధమందురా?” అనము. ఎన్నడును అనము. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇక్కడనే ఉన్నది. ఆ మాట వారి నోటినుండి వచ్చినప్పుడు అది సాక్ష్యము. అదే మాట మన నోటినుండి వచ్చినప్పుడు అది తీర్పు. వారు ఆ చీకటి లోయలో నడిచినవారు. అక్కడ ఎవరి చేయి తమ్మును పట్టుకొనెనో చెప్పుటకు వారికి హక్కు ఉన్నది. మనము గట్టుమీద నిలిచినవారము. యోసేపు తన అన్నలతో, మీరు కీడు తలంచితిరి గాని దేవుడు దానిని మేలుగా త్రిప్పెనని చెప్పెను (ఆదికాండము 50:20). ఆ మాట యోసేపు చెప్పినందున అది క్షమాపణ ఆయెను. అదే మాట అన్నలు యోసేపుతో చెప్పియుండినయెడల అది ఎంత సిగ్గుమాలిన మాట అయియుండునో ఆలోచించుడి. మాట ఒక్కటే, చెప్పిన నోరు వేరు.

యోబు స్నేహితుల సంగతియు ఇంతే. వారు వచ్చి ఏడు రాత్రింబగళ్లు నేలమీద అతనితో కూర్చుండి, అతని బాధ మిక్కుటముగా ఉండుట చూచి ఒక్కమాటయు పలుకలేదు. ఆ ఏడు దినములు వారు మంచి స్నేహితులు. ఎనిమిదవ దినమున కారణములు చెప్పుటకు నోరు తెరచిరి, అంతటితో చెడిరి. గ్రంథము చివర దేవుడు కోపించినది యోబుమీద కాదు, దేవుని పక్షముగా వాదించితిమని తలంచిన ఆ స్నేహితులమీద.

కాబట్టి ఇట్టి దంపతులు సేవకు ముందుకు వచ్చినప్పుడు మనము ఏమి చేయవలెను? కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

మొదట, ఇద్దరిని వేరువేరుగా అడుగవలెను. మన దేశములో భర్త పిలువబడినయెడల భార్యయు పిలువబడినట్లే అని తలంచుదుము. పాస్టరమ్మ పని జీతము లేని పని, రాత్రి లేదు పగలు లేదు. ఆ పనికి ఆమెను ఎవరును అడుగరు. అకుల, ప్రిస్కిల్ల అను దంపతులను చూడుడి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమునుండి వెళ్లగొట్టబడి, ఉన్న ఊరు పోగొట్టుకొని కొరింథుకు వచ్చినవారు. డేరాలు కుట్టి బ్రదికినవారు. అపొల్లోను చేర్చుకొని దేవుని మార్గమును పూర్తిగా విశదపరచినప్పుడు ఇద్దరును కలిసి విశదపరచిరి (అపొస్తలుల కార్యములు 18). మన తెలుగు సీమలో తాళ్లకొండపాడు పేరయ్య 1866లో ఒంగోలులో ఒంటరిగా కాక భార్యతో కూడ బాప్తిస్మము పొందెను. మరుసటి ఏడు వారి ఊరి దగ్గరి చింతతోపులో 28 మంది బాప్తిస్మము పొందిరి. ఇద్దరి కాళ్లు నడిచిన త్రోవ ఊరికి త్రోవ అగును.

రెండవది, కాలము ఇయ్యవలెను. పిలుపు నిజమైనదైతే రెండు ముంగార్లకు చెడిపోదు. మంచి విత్తనము గాదెలో ఒక ఏడు నిలుచును. నిలువనిది విత్తినను మొలవదు.

మూడవది, పంపుటకు ముందు ఇక్కడనే పని ఇచ్చి చూడవలెను. పెద్ద పని కాదు. రోగి యొద్ద కూర్చుండుట, అప్పులలో మునిగిన రైతు ఇంటికి రాత్రివేళ పోయి పలుకరించుట, ముసలమ్మకు వాక్యము చదివి వినిపించుట. తన దుఃఖమును గూర్చి మాటలాడుట ఒకనికి సులభమగుచు, ఇతరుని దుఃఖమును వినుట కష్టమగుచున్నయెడల, వానికి ఇంకను ఆదరణ కావలెను గాని అధికారము కాదు.

నాలుగవది, సేవకు పోవని తలిదండ్రులను తక్కువగా చూడరాదు. బిడ్డను పోగొట్టుకొని, ఏ సాక్ష్యమును చెప్పక, ఆదివారము వెనుక వరుసలో కూర్చుండి, పాట పాడలేక పెదవులు మాత్రము కదలించి, తెల్లవారి మరల చేనికి పోవువారు మన సంఘములో ఉన్నారు. పోయిన బిడ్డ కొరకు ఏదైనను గొప్పకార్యము చేయవలెనని వారిమీద అప్పు మోపరాదు. వారి బిడ్డ ఎవరిని పిలుచుటకును గంట కాదు. ఆ బిడ్డ ఆ బిడ్డయే. దేవుని చేత పేరుపెట్టి ఎరుగబడినది. ఆ పేరును మనమును అప్పుడప్పుడు పలుకవలెను. పేరు ఎత్తినచో తల్లి ఏడ్చునని మనము మానివేయుదుము. ఏడ్వనియ్యుడి. ఎవరును ఎత్తకపోవుటయే ఆమెకు ఎక్కువ భారము.

పైని చెప్పిన దంపతులు ఇప్పుడు మరియొక పాస్టరేటులో, ఇట్టి మెట్టనేల మీదనే, మూడు పల్లెలను చూచుకొనుచున్నారు. ఆయన ప్రసంగము సామాన్యమైనదని అక్కడివారు అందురు. కాని ఆ ప్రాంతములో ఎవరి ఇంట చావు జరిగినను, ఏ కులమువారైనను, మొదట ఆ యమ్మకు కబురు పంపుదురట. ఆమె పోయి కూర్చుండును. అక్కడ ఆమె ఏమి చెప్పునని మేము ఒకనిని అడుగగా, “ఏమీ చెప్పదయ్యా. ఉంటాది అంతే” అని అతడు చెప్పెను.

దేవుడు ఆ బిడ్డను ఎందుకు తీసికొనెనని మమ్మును అడిగినయెడల మేము జవాబు చెప్పలేము. ఆయన ఆ తల్లిని విడిచిపెట్టలేదని మాత్రము చెప్పగలము. దానికి మూడు పల్లెలు సాక్షులుగా ఉన్నవి.

ప్రార్థన: కన్నీరు విడిచిన ప్రభువా, దుఃఖగృహములలో మా నాలుకకు కావలి పెట్టుము. నీవు చెప్పని కారణములను నీ పేరట చెప్పకుండ మమ్మును కాపాడుము. నీవు పిలిచినవారిని నీవే నీ వేళకు లేపుము. లేవలేనివారి ప్రక్కన కూర్చుండుటకు మాకు ఓర్పు దయచేయుము. ఎండిన మా నేలకు వానను, నలిగిన మా ఇండ్లకు నీ ఆదరణను పంపుము. ఆమేన్.